సాయంత్రానికి కాల్చాల్సిన జోడు

మంచం ఎప్పుడు చేయిస్తారని అడగని శిష్యుడు నాకింతవరకు దొరకలేదు. వడ్రంగం నేర్చుకుంటానని వచ్చినవాడు వారం తిరక్కముందే మంచం చేసెయ్యాలి, దాని ఫోటో ఫోన్‌లో పెట్టెయ్యాలి. చెక్కకు చెక్క ఆనించి, జిగురు పూసి, మిషన్‌తో మేకులు దిగగొడితే మంచం అయినట్టే కనిపిస్తుంది. రెండు వానాకాలాలు గడిచాక అటు తిరిగి పడుకుంటే కిర్రు, ఇటు తిరిగి పడుకుంటే కిర్రు. అప్పుడు ఇంటివాళ్లు చెక్కను తిడతారు. చెక్క ఏం చేసింది పాపం!

నేను చండ్రుగొండ దగ్గర పుట్టి, కొత్తగూడెంలో ఒక కార్ఖానాలో పని నేర్చుకుని, అక్కడే పెద్ద మేస్త్రీనై, మోకాళ్లు మొరాయించాక పని మానేశాను. ఎన్ని తలుపులు బిగించానో, ఎవరెవరి ఇళ్లకు బీరువాలు చేశానో ఇక్కడ రాయబోవడం లేదు. అవి చేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరించే సంగతి ఒకటుంది. ఒకటి చెబితే రెండోది రాక తప్పదు, అందుకే కలిపి రాస్తున్నాను. నేను చర్చికి వెళ్లే మనిషిని. దయ్యాలూ తాయెత్తులూ నాకు పడవు. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

ఉత్తజోడు

కార్ఖానా మా ఉస్తాద్‌ది. పేరు ఖాజా మియా. రెండు చెక్కలు కలిసేచోటును మీరు జాయింటు అంటారు, ఆయన జోడు అనేవాడు. నా నోటికీ అదే పట్టింది. ఒక చెక్క చివర నాలుకలా సన్నగా కోస్తాం, దాన్ని కూసం అంటాం. ఇంకో చెక్కలో దానికి సరిపోయే బెజ్జం తొలుస్తాం. కూసం వెళ్లి బెజ్జంలో కూర్చుంటే జోడు. తలుపు చట్రమైనా, కుర్చీ కాలైనా, చర్చిలో పాస్టర్‌గారు నిలబడే బల్లయినా లోపల ఉండేది ఇదే.

ఉస్తాద్ దగ్గర చేరినవాడు నెలల తరబడి వస్తువు జోలికి పోకూడదు. పొద్దున్నే ఒక తునక చేతికిచ్చేవాడు. గీత గీసి, రంపంతో కోసి, ఉలితో తొలిచి, సాయంత్రానికి ఒక జోడు చూపించాలి. మేకు లేదు, జిగురు లేదు. ఆయన దాన్ని ఊపి చూసేవాడు, చెవి దగ్గర పెట్టుకునేవాడు, ఆ తర్వాత ఊడదీసి లోపలికి తొంగిచూసేవాడు.

"బయట్నించి అన్నీ మంచిగనే ఉంటయ్ రత్నం," అనేవాడు నాతో. "ఇడదీసి చూడాలె."

పని వచ్చినవాళ్లకూ ఒక నియమం ఉండేది. ఏ వస్తువు మొదలుపెట్టినా ముందు అదే దుంగ ముక్క మీద ఒక జోడు కోసి చూడాలి. మద్ది ఉలికి ఒకలా లొంగుతుంది, టేకు ఇంకోలా. ఒకే టేకులో కూడా గుట్ట మీద పెరిగినదానికీ వాగు పక్కన పెరిగినదానికీ పొంతన ఉండదు. నేను చెప్పానని నమ్మకండి, ముక్క మీద కోసి చూసుకోండి. ఈ ఒక్క అలవాటు ఉంటే మీ చేతిలో మంచి టేకు పాడవదు.

అలా ఎవరికోసమూ కాకుండా కోసినదాన్ని ఉత్తజోడు అనేవాళ్లం. దానికి ఇల్లు లేదు, యజమాని లేడు. పొద్దుగూకేసరికి అది పొయ్యిలోకి పోవాలి. కార్ఖానా మూలన టీ పొయ్యి ఉండేది. ఎవరి ఉత్తజోడు వాళ్లే అందులో పెట్టి, చేతులు కడుక్కుని, టీ తాగి ఇంటికి పోవాలి. ఒకరిది ఇంకొకరు పెట్టకూడదు. మరీ తప్పకపోతే ఆ మనిషి ఇంటివాళ్లు వచ్చి పెట్టాలి. నాకు జ్వరమొచ్చి మధ్యాహ్నమే వెళ్లిపోతే మా అన్నను పిలిపించి మరీ నాది పొయ్యిలో పెట్టించాడు. బల్ల మీద జోడు మిగిలిందంటే మనిషి ఇంకా ఇంటికి పోలేదని ఆయన లెక్క. తాళం వేసే ముందు బల్లలన్నీ చేత్తో తడిమి చూసేవాడు.

"ఎందుకు ఉస్తాద్ ఇదంత?" అని ఒకసారి అడిగాను.

"ఎవలకోసమన్నది తెల్వకుండ కోసిన జోడు, ఎవలకోసమో ఎదురుచూస్తది. మనకెందుకు రా ఆ లొల్లి? పొయ్యిల పెట్టు, టీ తాగు."

నా మట్టుకు నాకు ఆ నియమంలో సగం నచ్చింది. పనికిరాని జోడును తీసుకెళ్లి ఎవరి కుర్చీకో అతికించే దొంగబుద్ధి పుట్టకుండా ఉంటుంది. మిగతా సగం మాత్రం ఆయన కళ్లలోకి చూస్తూ వినడానికి భయం వేసేది.

దావీదు చేయి

దావీదు నాకంటే చిన్నవాడు, మా చర్చివాడే. ఎడమచేతి వాటం. ఉలి మీద రెండు దెబ్బలు కొట్టి, ఆగి, పొట్టు ఊది, మళ్లీ రెండు కొట్టేవాడు. అటు తిరిగి కూర్చున్నా అది దావీదేనని తెలిసిపోయేది.

అతని కూసానికి ఒక గుర్తు ఉండేది. కూసం చివర నాలుగు అంచులుంటాయి. బెజ్జంలోకి సులువుగా దిగాలని అందరం నాలుగూ కొద్దిగా చెక్కుతాం. దావీదు మూడే చెక్కేవాడు. నాలుగోది పదునుగా వదిలేసేవాడు.

"అదేంది రా, ఒకటి మర్చిపోయినవ్?" అన్నాను.

"మర్చిపోలే అన్నా. అది లోపలికి పోయేటప్పుడు గోడను గీక్కుంట పోతది. ఇగ ఊడిరమ్మన్న రాదు."

ఉస్తాద్ మొదట్లో తిట్టాడు, తర్వాత వదిలేశాడు. ఇంకెవరూ అలా చేయలేదు. జోడు కూర్చున్నాక ఆ అంచు పైకి కనిపించదు కూడా. ఊడదీస్తేనే తెలుస్తుంది.

ఒక వానాకాలం, పినపాక దాటాక గోదావరి ఒడ్డునున్న ఒక ఊళ్లో కొత్త దర్వాజా చేసి బిగించే పని దావీదుకు తగిలింది. కోతమిల్లు దగ్గర ఎవరో మాట్లాడుకుని తీసుకెళ్లారు. ఏ ఇంటికో మాకు తెలియదు. పని మధ్యలో ఉండగా గోదావరి లేచింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఊరంతా ట్రాక్టర్లెక్కి ఎత్తుకు చేరుకుంది. దావీదు కూడా ఎక్కాడట. ఎక్కినవాడు దిగి వెనక్కి నడిచాడట. ట్రాక్టర్ నడిపినవాడు మాకు చెప్పింది అంతే. వరద తగ్గాక నేనూ ఉస్తాదూ రేవులన్నీ తిరిగాం. ఊరు బురదలో ఉంది, జనం బడుల్లో, బంధువుల ఇళ్లలో చెదిరిపోయి ఉన్నారు. మనిషి దొరకలేదు. శవమూ దొరకలేదు.

ఇక నోళ్లు ఊరుకుంటాయా? ప్రాణాలు దక్కించుకునే వేళ బండి దిగి పోయాడంటే అవతల ఒడ్డున ఇంకో సంసారం ఉందన్నారు. సంతలో చూశామని కూడా అన్నారు. ఆ మాటలన్నీ దావీదు భార్య కరుణ చెవిన పడ్డాయి. ఆమె సర్కారు దవాఖానాలో ఆయా. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడదామని పాస్టర్‌గారు వెళ్తే నా ముందే అడిగింది.

"సచ్చిండని ఎవలన్న చూసిన్రా అయ్యగారు? పోనీ ఇడిసిపెట్టి పోయిండని చూసిన్రా? రెండిట్ల ఏది తెల్వకుండ నేను దేవుణ్ణి ఏమని అడగాలె?"

ఆయన కూడిక మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత ఆమె బతుకంతా ఆ ఒక్క సంగతి తెలుసుకోవడం కోసమే నడిచింది. జోడు మిగిలిందంటే మనిషి ఇంకా ఇంటికి రావాల్సి ఉందన్న ఉస్తాద్ లెక్క ఆమెకూ తెలుసు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ సాయంత్రం కార్ఖానా గడప దగ్గర ఆగేది.

"ఎవలదన్న మిగిలిందా ఉస్తాద్?"

ఆయన బల్లలన్నీ తడిమి, "అందరివి కాలినయ్ బేటీ," అనేవాడు. ఆమె తలూపి వెళ్లిపోయేది. ఇది ఏళ్ల తరబడి జరిగింది. ఉస్తాద్ కన్నుమూశాక ఆ జవాబు నా మీద పడింది. ఆయన కొడుకులు కార్ఖానా నాకు అప్పజెప్పారు, దానితోపాటే ఇదీ వచ్చింది. "అందరివి కాలినయ్ అమ్మా" అనేవాణ్ణి. నిజం చెబుతున్నాను, ఆ వేళకు నాకు భయంగా ఉండేది. ఏదో ఒకరోజు బల్ల మీద చెయ్యి పెడితే తగులుతుందేమోనని.

నాగమణి

చాలా ఏళ్ల తర్వాత నాగమణి అనే ఆమె పని నేర్చుకుంటానని వచ్చింది. పెళ్లయినామె. భర్త మణుగూరులో బొగ్గు లారీ నడుపుతాడు. మా మేస్త్రీలు ముసిముసిగా నవ్వుకున్నారు. రంపం పట్టిన తీరు చూశాక నవ్వు మానేశారు. మంచం సంగతి అడగకపోతే బాగుండునని అనుకుంటూనే ఉన్నాను, మధ్యాహ్నానికి అడిగేసింది. నవ్వి, టేకు తునక ఒకటి చేతికిచ్చాను.

సాయంత్రం తన మొదటి జోడు తెచ్చింది. గీతలు వంకర, రెండు చెక్కలు ఆనుకునేచోట సందు. కొత్తవాళ్ల పని అలాగే ఉంటుంది. ఊడదీయబోతే మాత్రం రాలేదు. బల్ల అంచుకు తట్టి, మెలిపెట్టి లాగితే వచ్చింది. కూసం చివర చూశాను.

మూడు అంచులు చెక్కి ఉన్నాయి. నాలుగోది పదునుగా ఉంది.

కూసాన్ని వెలుతురుకు పట్టి ఇంకోసారి చూసి అడిగాను. "ఈ అంచు ఎందుకు ఇడిసిపెట్టినవమ్మా?"

"గట్లనే ఉంటది కద సార్?"

"ఏడ ఉంటది? ఎవలు నేర్పిన్రు నీకు?"

"ఎవ్వలు నేర్పలె. మా అమ్మోళ్లింట్ల దర్వాజ మీద గిసొంటిది ఒకటున్నది. నేను చిన్నగున్నప్పుడు ఎండకాలం అది అల్కగ ఊడొచ్చేది. స్టూలెక్కి అందుకొని, ఇడదీసుకుంట, పెట్టుకుంట ఆడుకునేదాన్ని. చూస్తే అమ్మ కొట్టేది."

"వానకాలం?"

"వానకాలం ఊడిరాదు సార్." ఆమె మామూలుగానే చెప్పింది. "వానకాలం అది సప్పుడు చేస్తది."

వాళ్ల అమ్మగారి ఊరు ఏదని అడిగాను. పినపాక అవతల, గోదారి ఒడ్డుకు అంది.

కాసేపటికి కరుణ వచ్చి గడప దగ్గర నిలబడింది. నాగమణి తన జోడును పొయ్యిలో పెడుతోంది. నేను ఎప్పటి మాటే చెప్పాను. బల్లలు తడమకుండానే చెప్పేశాను. ఆమె నా ముఖంలోకి కొంచెం ఎక్కువసేపు చూసి వెళ్లింది.

దర్వాజా మీది జోడు

ఆ వారమే నాగమణిని వెంటబెట్టుకుని బయల్దేరాను. మణుగూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. గోదావరి పెరుగుతోంది. మబ్బు కమ్మి మిట్టమధ్యాహ్నమే మసకగా ఉంది. నాగమణి తల్లి మంగమ్మ కాళ్లకు నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. నా చూపు దర్వాజా మీదే ఉంది. దాని పైన, పైకప్పుకు దగ్గరగా, గోడలో ఒక గూడు ఉంది. గూట్లో జానెడు టేకుముక్కలు రెండు, ఒకదానిలో ఒకటి దూరి. పసుపు పూసి బొట్టు పెట్టారు. గూటికి కొంచెం కింద గోడ పొడవునా పాత వరద మరక.

"అప్పటి గోదారి ఆడిదాక వచ్చింది," అంది మంగమ్మ. "దాన్ని ముట్టలె. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చిందో. ఒక్కసారి కూడ ఇంట్లకు రాలె."

ఇంకా ఏదో చెప్పబోతుండగా వినిపించింది. టక్ టక్. ఆగింది. టక్ టక్.

నేను లేచి నిలబడ్డాను. తల్లీకూతుళ్లు కదల్లేదు.

"గోదారి లేస్తున్నదంటే మొదలైతది సార్," అంది నాగమణి.

చెక్క తేమ తాగితే ఉబ్బుతుంది. ఉబ్బితే బిగుసుకుంటుంది, బిగుసుకునేటప్పుడు టక్కుమంటుంది. పాత ఇళ్లలో ఉన్నవాళ్లెవరైనా విని ఉంటారు. నేను వాళ్లకు అదే చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. కాకపోతే చెక్క రెండుసార్లు కొట్టి, పొట్టు ఊదుకునేంతసేపు ఆగి, మళ్లీ రెండు కొట్టడం ఎక్కడా వినలేదు. పైగా ఆ రోజు ఆ జోడు అక్కడినుంచి తీసేశాక కూడా అదే దర్వాజా ఇప్పటికీ అదే తేమ తాగుతోంది. చప్పుడు మాత్రం మళ్లీ రాలేదని నాగమణి చెబుతుంది.

"దర్వాజ చెయ్యవచ్చినాయన ఆ దినం ట్రాక్టర్ ఎందుకు దిగిండమ్మా?" అని అడిగాను.

మంగమ్మ కూతురి వైపు చూసి చెప్పింది.

"ఉత్తజోడు బల్ల మీదనే ఉండిపోయింది, పొయ్యిల పెట్టి వస్త అన్నడు. పొయ్యి ఎప్పుడో మునిగింది దిగకు బాంచెన్ అని మొత్తుకున్న. అయితె పైన పెట్టి వస్త, రేపు కాలుస్త అనుకుంట పోయిండు. మళ్ల రాలె. నీళ్లు తీసినంక మేమొచ్చి చూస్తె అది గూట్ల ఉన్నది. చెక్కముక్క కోసం మనిషి పోయిండంటె ఎవలన్న నమ్ముతరా సార్? నాకే నమ్మబుద్ధి కాలె. ఎవలకు చెప్పాల్నో తెల్వలె, తీసి పారెయ్యాలంటె భయం. పసుపు పెట్టి ఊకున్న."

నేను దాన్ని తీసుకుపోతానంటే ఆమె దర్వాజాకు అడ్డంగా నిలబడింది. "అది పోతె గోదారి ఇంట్లకొస్తది."

"ఆయనకు భార్య ఉన్నదమ్మా. రోజు పొద్దుగూకితే వచ్చి అడుగుతది, ఎవలదన్న మిగిలిందా అని."

"ఉన్నదా?" అంది మంగమ్మ. అంతే. స్టూలు తెచ్చుకుని తనే ఎక్కి దించింది. కొంగుతో పసుపు తుడిచి నా చేతుల్లో పెట్టింది. పైకప్పు కింద ఉన్న చెక్క, వెచ్చగా ఉంది. లాగి చూశాను. రాలేదు.

బస్సులో అది ఒళ్లో సంచిలో ఉంది. చప్పుడు చేయలేదు. నాకు ఉస్తాద్ మీద మొదటిసారి కోపం వచ్చింది, సమాధిలో ఉన్న మనిషి మీద. నియమం పెట్టినవాడు అది ఎక్కడిదాకా పాటించాలో కూడా చెప్పాలి. నేను నేర్పేవాళ్లకు అప్పటినుంచి చెబుతున్నాను. జోడు కోయండి, ఊడదీసి చూడండి, సాయంత్రానికి కాల్చండి. నీళ్లొచ్చినా నిప్పొచ్చినా వదిలేసి పరిగెత్తండి. చేయి ఉంటే ఇంకోటి కోసుకోవచ్చు. కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి.

కోపం తగ్గాక భయం పట్టుకుంది. ఇన్నేళ్లు ఎదురుచూసిన ఆడమనిషికి, నీ మొగుడు పొయ్యిలో పెట్టే తునక కోసం పోయాడని ఏ నోటితో చెప్పాలి? దారిలో గోదావరిలోకి విసిరేద్దామా అనిపించింది. కానీ అది నాది కాదు. దాన్ని ఏం చేయాలన్నా వాళ్లింటి మనిషే చేయాలి.

పొయ్యి

కార్ఖానా చేరేసరికి సాయంత్రమైంది. మేస్త్రీలు వెళ్లిపోయారు. నాగమణి టీకి నీళ్లు పెట్టింది. కరుణ వచ్చింది.

"ఎవలదన్న మిగిలిందా అన్నా?"

"ఒకటి మిగిలిందమ్మా," అన్నాను.

ఆమె లోపలికి వచ్చింది. అన్నేళ్లలో గడప దాటడం అదే మొదటిసారి. జోడును బల్ల మీద పెట్టి, మంగమ్మ చెప్పినదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను చెప్పడం అయిపోయాక అడిగింది.

"బండి దిగింది దీనికోసమేనా?"

"దీనికోసమే."

"ఇంకెవలింటికో కాదు."

"కాదమ్మా."

ఆమె ముఖం ఒక్కసారిగా చిన్నపిల్ల ముఖమైపోయింది. జోడును రెండు చేతుల్లోకి తీసుకుని, పెళ్లాం మొగుణ్ణి కసిరినట్టే కసిరింది. "పిచ్చోడా. ఓ పిచ్చోడా. దీనికోసం దిగినవా?" ఆ తర్వాత గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. నాగమణి గోడకు తిరిగి నిలబడింది.

కొంతసేపటికి కరుణ కళ్లు తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే పొయ్యి దగ్గరికి వెళ్లి దాన్ని నిప్పుల మీద పెట్టింది. తేమ తాగిన చెక్క వెంటనే అంటుకోలేదు. బుసకొట్టింది, పొగ వచ్చింది. అప్పుడు వినిపించింది, టక్ టక్. ముగ్గురం చూస్తూ ఉన్నాం. నేను లాగితే రాని కూసం, చెయ్యి తగలకుండా, నెమ్మదిగా బెజ్జంలోంచి బయటికి జరిగి పక్కకు ఒరిగింది. నాలుగో అంచు ఇంకా పదునుగానే ఉంది. మంట అక్కడే మొదట అంటుకుంది. వేడికి తడి ఆరి చెక్క కుంచించుకుపోయిందని మీరంటారు. నేనూ అదే అంటాను.

ఆ మంట మీదే టీ మరిగింది. తాగాం. బాగా పొగవాసన వేసింది.

"అయ్యగారితోని చెప్పన్నా, కూడిక పెడదమని," అంది కరుణ. తొట్టి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. పోబోతూ ఆగి, ఉస్తాద్ చేసినట్టే ఒక్కో బల్లను చివరిదాకా చేత్తో తడిమి చూసింది. గడప దగ్గర నా వైపు తిరిగింది.

"అందరివి కాలినయ్ అన్నా. ఇగ తాళమెయ్."